ఉక్కు సముద్రానికి, చేప ఎవరికి?

ఈ మధ్యకాలంలో చేప జాతీయ చర్చకు ఎక్కింది ఒక హెలికాప్టర్‌లోంచి. 2024 ఏప్రిల్‌లో, లోక్‌సభ ఎన్నికల ప్రచారం వేడెక్కుతున్న వేళ, బీహార్ నాయకుడు తేజస్వీ యాదవ్ హెలికాప్టర్‌లో చేప తింటున్న దృశ్యాన్ని సామాజిక మాధ్యమంలో పెట్టారు. నవరాత్రుల్లో చేప తింటారా అని భారతీయ జనతా పార్టీ మండిపడింది. దృశ్యం నవరాత్రులకు ముందురోజుదని ఆయన బదులిచ్చారు. ఉధంపూర్ సభలో ప్రధాని నరేంద్ర మోదీ ప్రతిపక్షానిది మొఘలుల మనస్తత్వమన్నారు. వారం రోజులపాటు టెలివిజన్ తెరలన్నీ ఆ చేప చుట్టూ తిరిగాయి. ఆ రోజు తేజస్వి పక్కన కూర్చున్న ముకేశ్ సహనీ, చేపలు పట్టి బతికే మల్లాహులు, నిషాదుల అండతో పార్టీ నిర్మించుకున్న నాయకుడు. చేప తిన్న తేదీ గురించి అంత వాదించుకున్న ఇరుపక్షాల్లో ఏ ఒక్కరూ ఆ చేప పట్టినవాడికి గిట్టిన ధర ఎంతని మాత్రం అడగలేదు.

ఆ దృశ్యానికి కొద్దిరోజుల ముందే ముగిసిన 2023-24 ఆర్థిక సంవత్సరంలో మన దేశం 60,523 కోట్ల రూపాయల విలువైన సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసింది. ఇది మనం గర్వంగా చెప్పుకునే లెక్క. అదే చేప విదేశీయుడి పళ్ళెంలో ఉంటే డాలరు, మనవాడి పళ్ళెంలో ఉంటే వివాదం. ఈ రెండు మనస్తత్వాలూ ఒకే ప్రభుత్వ యంత్రాంగంలో, ఒకే సమాజంలో, ఘర్షణ పడకుండా కాపురం చేస్తున్నాయి. వీటిని ఎదురెదురుగా నిలబెట్టి చూడవలసిన సమయం వచ్చిందని నా అభిప్రాయం. దానికి రాజకీయ సభలకన్నా భోజనశాలే మంచి సాక్ష్యం చెప్పగలదు.

విహార నౌకల్లో రెండు రకాల భోజనశాలలుంటాయి. టిక్కెట్టు ధరలోనే కలిసిపోయే పెద్ద భోజనశాల ఒకటి. అదనంగా సొమ్ము చెల్లించి కూర్చునే 'స్పెషాల్టీ' శాల రెండోది. ఇది కొత్త ఆచారం కాదు. 1905లో 'అమెరికా' అనే జర్మన్ నౌకలో రిట్జ్ పేరుతో ఇటువంటి భోజనశాలను తెరిచారు. 1912లో మునిగిన టైటానిక్‌లో కూడా మొదటి తరగతి ప్రయాణికులు విడిగా డబ్బు కట్టి తినే శాల ఉండేది. అప్పట్లో అక్కడ ఫ్రెంచి వంట గొప్ప. ఇప్పుడు సముద్రాహారం గొప్ప. నార్వేజియన్ సంస్థ 2013లో ఒక నౌకలో 'ఓషన్ బ్లూ' పేరుతో, రాయల్ కరీబియన్ సంస్థ 2018లో 'సింఫనీ ఆఫ్ ది సీస్' నౌకలో 'హుక్డ్' పేరుతో కేవలం సముద్రాహారానికే శాలలు తెరిచాయి. ఓడ ఏ రేవులోనూ ఆగకుండా నడి సముద్రంలో సాగే రోజున, మధ్యాహ్నం పూట అక్కడ కూర్చోవడం ఒక ప్రత్యేక అనుభవంగా ప్రచారమవుతుంది.

సింగపూర్ నుంచి బయలుదేరిన ఒక నౌకలో, బంధువుల పుణ్యమా అని, నేనూ ఒక మధ్యాహ్నం అటువంటి శాలలో కూర్చున్నాను. అద్దాల గోడకు అవతల నీలిరంగు తప్ప మరేమీ లేదు. భోజనం బాగుంది, ఈ మాట ముందే చెప్పడం న్యాయం. మంచుముక్కల మీద పేర్చిన ఆయిస్టర్లు, వెన్నలో కాల్చిన లాబ్‌స్టర్, పీత మాంసంతో చేసిన బిళ్ళలు, పుల్లని ఎర్రటి ముద్దలో ముంచుకు తినే చల్లటి రొయ్యలు. నన్ను ఆపింది రుచి కాదు, వంటకాల పట్టిక. లాబ్‌స్టర్‌కు 'మేన్' అని ఊరు పేరుంది. పీతకు 'అలాస్కా' అని ఉంది. సాల్మన్‌కు 'నార్వే' అని ఉంది. రొయ్యకు మాత్రం ఏ ఊరూ లేదు. వడ్డిస్తున్న ఇండోనేషియా యువకుడిని, ఈ రొయ్య ఎక్కడిదని అడిగాను. అతడు వంటగదిలోకి వెళ్ళి, నవ్వుతూ తిరిగి వచ్చి, "పెట్టె మీద మీ దేశం పేరే ఉందండి" అన్నాడు.

ప్రపంచంలోని చల్లటి సముద్రాల చేపకు చిరునామా ఉంది. మన రొయ్యకు పెట్టె మీదే తప్ప పళ్ళెం పక్కన పేరు లేదు. పేరు లేని సరుకుకు బేరం ఉండదు. కొనేవాడు చెప్పిందే ధర. ఈ సూత్రం గోదావరి జిల్లాల ఆక్వా రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

నేను పుట్టి పెరిగింది సముద్రపు ఒడ్డున కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు పట్టణంలో, సుపేలాలో. మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లా తీరగ్రామం నుంచి అక్కడి కర్మాగారానికి వచ్చిన వేలాది మందిలో ఒకరు. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందంతో భిలాయ్ మొదలైంది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. రాయపూర్, విజయనగరాల మధ్య రైలు మార్గం అంతకు ముందే, 1931లోనే పూర్తయి ఉండడంతో ఉత్తరాంధ్రవాసికి భిలాయ్ దగ్గరి ఊరైంది. ఈనాటికీ ఖుర్సీపార్, క్యాంపు, సుపేలా వాడల్లో నడిచి వెళ్తుంటే ఛత్తీస్‌గఢీ, హిందీల నడుమ శ్రీకాకుళం యాస చెవిన పడుతుంది.

ఆ రైలు మార్గం వేసిన ఉద్దేశమే లోపలి సంపదను సముద్రానికి చేర్చడం. 1933లో విశాఖ రేవు తెరుచుకున్నది ఆ సరుకు కోసమే. తరువాత 1960ల్లో బైలడిల్లా ఇనుప ఖనిజం కొత్తవలస-కిరండూల్ మార్గం మీదుగా విశాఖకు, అక్కడి నుంచి జపాన్‌కు ప్రవహించింది. ఇక భిలాయ్ ఉక్కు సంగతి. 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్‌కు సెయిల్ సంస్థ దాదాపు 30 వేల టన్నుల ప్రత్యేక ఉక్కును అందించింది. అది భిలాయ్, బొకారో, రూర్కెలా కర్మాగారాల్లో తయారైంది. అంటే సుపేలా పక్కన కరిగిన ఇనుము ఈరోజు సముద్రం మీద తేలుతోంది.

మరి సముద్రం నుంచి సుపేలాకు ఏం వచ్చింది? నా చిన్నతనంలో వచ్చిందల్లా ఎండుచేప. వేసవి సెలవులకు ఊరికి వెళ్ళి వచ్చే ప్రతి కుటుంబం ట్రంకుపెట్టెలో నెత్తళ్ళు, సావడాలు, ఎండురొయ్యలు గుడ్డలో మూటకట్టి తెచ్చుకునేది. ఆ వాసన రైలు పెట్టెంతా వ్యాపించి తోటి ప్రయాణికుల చేత తిట్లు తినిపించేది. పచ్చి సముద్రపు చేప మాకు పండగ కూడా కాదు, కేవలం జ్ఞాపకం. సుపేలా అంగడిలో ఇప్పటికీ రాజ్యమేలేది చెరువు చేపే: రోహు, కట్ల. స్థానిక కేవట్లు, నిషాదులు తెచ్చేది కొంత. మన కొల్లేరు ప్రాంతపు చెరువుల నుంచి మంచులో పేర్చిన పెట్టెల్లో లారీలెక్కి తూర్పు, ఈశాన్య రాష్ట్రాలకు వెళ్ళేది కూడా ఇవే జాతులు. సముద్రపు చేప కనిపించినా అది గడ్డకట్టిన స్థితిలో, కొనబోతే కొరివి ధరలో ఉంటుంది. మా వీధిలో ఉండే ఒక పెద్దమ్మ ఈ సంగతిని నాకన్నా బాగా చెప్పింది: "ఇక్కడికొచ్చీసరికి ఐసు వాసనే గానీ సముద్రం వాసనుండదురా బాబూ."

దూరం కారణమంటే నమ్మవచ్చా? 2024 సెప్టెంబర్‌లో దుర్గ్, విశాఖపట్నాల మధ్య వందే భారత్ రైలు మొదలైంది. తెల్లవారుజామున దుర్గ్‌లో ఎక్కితే మధ్యాహ్న భోజనవేళకు విశాఖలో దిగవచ్చు. మధ్యాహ్నం విశాఖలో ఎక్కితే రాత్రి పడుకునే వేళకు దుర్గ్ చేరవచ్చు. ఎనిమిది గంటలు. రాయపూర్ నుంచి విశాఖకు 464 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారికి కూడా భారత్‌మాల పథకంలో పని సాగింది. విశాఖ రేవులో తెల్లవారుజామున దించిన కోనెం చేప అదే రాత్రికి సుపేలా వంటింటికి చేరడానికి భూగోళశాస్త్రం అడ్డురాదు. అడ్డువస్తున్నది, ఆ చేపను ఎటు పంపాలన్న నిర్ణయం.

ఆ నిర్ణయం అంకెల్లో ఇలా కనిపిస్తుంది. 2009లో పసిఫిక్ తీరానికి చెందిన వనామీ రొయ్య మన చెరువుల్లోకి అధికారికంగా ప్రవేశించింది. పదిహేనేళ్ళలో అది ఆంధ్ర తీరపు ఆర్థిక వ్యవస్థకు వెన్నెముక అయింది. 2024-25లో దేశం ఎగుమతి చేసిన గడ్డకట్టించిన రొయ్య 7.41 లక్షల టన్నులు. అందులో ఆంధ్రప్రదేశ్‌దే సింహభాగం. అందులో 3.11 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే వెళ్ళాయి. ప్రతి ఐదు టన్నుల్లో రెండు టన్నులకు మించి ఒకే ఇంటి గుమ్మం ముందు దించుతున్నామన్నమాట. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా అధ్యక్షుడు ట్రంప్ విధించిన 50 శాతం సుంకం అమలులోకి వచ్చినప్పుడు, యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు కూడా కలిపి రొయ్య మీద భారం 58 శాతం దాటింది. భీమవరంలో రొయ్యల ధర పడిపోవడానికి కారణం రష్యా నుంచి మనం కొన్న చమురు. మేత వేసిన రైతుకు ఈ లెక్క ఎవరు వివరించగలరు? నష్టం 25 వేల కోట్ల రూపాయలని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కేంద్రానికి రాసిన లేఖల్లో అంచనా కట్టారు. దేశీయ వినియోగాన్ని పెంచాలని కూడా కోరారు.

ఆ కోరిక సరైనదే. కానీ ఆలస్యమైన కోరిక. 2020లో 20,050 కోట్ల రూపాయలతో ఆరంభించిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన లక్ష్యాల పట్టికలో రెండు వరుసలున్నాయి. 2024-25 నాటికి ఎగుమతులను లక్ష కోట్ల రూపాయలకు చేర్చడం ఒకటి. తలసరి చేపల వినియోగాన్ని ఏడాదికి 5 కిలోల నుంచి 12 కిలోలకు పెంచడం రెండోది. ఎగుమతుల లక్ష్యం 62,408 కోట్ల దగ్గర ఆగింది. ఆ విషయం మీద పత్రికల్లో కథనాలు వచ్చాయి, పార్లమెంటులో ప్రశ్నలు పడ్డాయి. రెండో లక్ష్యం గురించి మాత్రం మన రాజకీయ సంభాషణలో ఒక్క ముక్క వినపడదు. ఎగుమతులను చూసుకోవడానికి 1972 నుంచి కొచ్చి కేంద్రంగా ఒక ప్రత్యేక సంస్థ ఉంది. దేశంలో చేపల అభివృద్ధికి 2006 నుంచి హైదరాబాద్ కేంద్రంగా జాతీయ మత్స్య అభివృద్ధి మండలి ఉంది. చేప ఆకారంలో కట్టిన దాని భవనం నగరవాసులకు బాగా తెలుసు. దాని పనికి కూడా అంత ప్రచారం దక్కి ఉంటే బాగుండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి శుద్ధిచేసిన చేప, రొయ్య ఉత్పత్తుల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మంచి అడుగే, కానీ ఊళ్ళో అంగడి లేనప్పుడు పన్ను తగ్గినా కొనేవాడికి ఏమి ఒరుగుతుంది?

ఇది అసాధ్యమైన పనేమీ కాదనడానికి మన కళ్ళ ముందే కోడిగుడ్డు ఉంది. 1980ల ఆరంభంలో దేశంలో కోళ్ళ రైతు దళారి చెప్పిన ధరకు గుడ్డు అమ్ముకుని దివాలా తీస్తున్నప్పుడు, తెలుగువాడైన బి.వి. రావు చొరవతో 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడింది. ధర రైతే ప్రకటించుకోవాలన్నది దాని పట్టుదల. వారంలో ఏ రోజైనా గుడ్డు తినమని చెప్పే దాని హిందీ ప్రకటన తెలియని ఉత్తరాది ఇల్లు లేదు. సుపేలాలో బండి మీద ఆమ్లెట్ అమ్మేవాడికి నామక్కల్, తణుకుల పేర్లు తెలియకపోవచ్చు. కానీ గుడ్డు ధర ఏ రోజు ఎంతో అతడికి తెలుసు. గుడ్డును అమెరికా కోసం పెంచలేదు, మన బడిపిల్లల కోసం, మన కూలీల కోసం పెంచారు. అందుకే ఏ దేశాధ్యక్షుడి సంతకంతోనూ ఆ గుడ్డు నేలకూలదు.

గుడ్డుకూ రాజకీయ కష్టాలు తప్పలేదు. 2019లో ఛత్తీస్‌గఢ్‌లో భూపేశ్ బఘేల్ ప్రభుత్వం బడి మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టబోతే కబీర్‌పంథీలు ఆందోళనకు దిగారు, భారతీయ జనతా పార్టీ వ్యతిరేకించింది. చివరికి ప్రభుత్వం, తల్లిదండ్రులు ఒప్పుకోని చోట గుడ్డు తినే పిల్లల ఇంటికే పంపుతామని మధ్యేమార్గం పట్టింది. శాకాహారుల మనోభావాలను గౌరవించవలసిందే. వారి బిడ్డ పళ్ళెంలో ఎవరూ బలవంతంగా ఏమీ వేయరాదు. అయితే తినని వారి మనోభావానికి వేదిక ఉన్నంతగా తినేవారి ఆకలికి వేదిక లేదు. ఆదివాసులు, దళితులు, వెనుకబడిన కులాల వారు అత్యధికంగా ఉన్న ఒక రాష్ట్రంలో మాంసకృత్తుల గురించి మాట్లాడడానికి నాయకులు జంకుతున్నారంటే, ఆ జంకు ఎవరి ఓట్ల కోసమో పాఠకులు ఊహించగలరు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. తీరంలో దొరికే చవక చేప లోపలి పట్టణాలకు తరలిపోతే, తీరంలోని పేదవాడి కూరలో చేప కరువవదా? కవళ్ళు, కానాగుర్తలు, నెత్తళ్ళు అక్కడి కూలివాడి మాంసకృత్తులు. వాటిని మంచుపెట్టెలో ఎక్కిస్తే ధర పెరుగుతుంది, నిజమే. అందుకే నేను సముద్రాన్ని మరింత గాలించమని అనడం లేదు. చెరువుల్లో పెంచిన రొయ్య, పండుగప్ప ఇప్పటికే ఓడలెక్కి వేల మైళ్ళు వెళ్తున్నాయి. వాటిలో ఒక భాగం ఎనిమిది గంటల దూరం వెళ్ళాలని మాత్రమే అంటున్నాను. రొయ్య ఖరీదైనది, సుపేలా కార్మికుడు కొనలేడన్నది మరో వాదన. అమెరికా కొనే పెద్ద రొయ్యను ఆయన కొనలేకపోవచ్చు. కానీ సుంకం దెబ్బకు చెరువులోనే తొందరపడి పట్టేసిన చిన్న రొయ్యను రైతు ఏ ధరకు వదిలించుకున్నాడో, అదే రొయ్య లోపలి పట్టణాల్లో ఏ ధరకు అమ్ముడుపోతుందో పోల్చి చూడండి. ఆ రెండింటి నడుమ ఉన్నది దళారి లాభం, పాడైపోతుందన్న భయం, శీతల గిడ్డంగుల లేమి. ఈ మూడూ విధానంతో తగ్గించగలిగినవే.

విధానం ఎటు మొగ్గుతోందో విశాఖ తీరంలో నిలబడితే తెలుస్తుంది. 2023 సెప్టెంబర్ 4న అక్కడ సుమారు 96 కోట్ల రూపాయలతో నిర్మించిన అంతర్జాతీయ విహార నౌకల టెర్మినల్‌ను కేంద్రమంత్రి సర్బానంద సోనోవాల్ ప్రారంభించారు. మరుసటి ఏడాది సెప్టెంబర్ 30న 'క్రూయిజ్ భారత్ మిషన్' మొదలైంది. 2029 నాటికి విహార నౌకల ప్రయాణికుల సంఖ్యను రెట్టింపు చేయడం దాని లక్ష్యం. 2025 వేసవి చివర కొర్డేలియా సంస్థ 'ఎంప్రెస్' నౌక చెన్నై, పుదుచ్చేరి, విశాఖల మధ్య తిరిగింది. ఆనందించవలసిన విషయమే. మధ్యతరగతి మనిషి సముద్రం మీద రెండు రోజులు గడిపితే తప్పుపట్టే ఛాందసం నాకు లేదు; నేనూ అటువంటి భోజనం చేసినవాణ్ణే. కానీ ఆ టెర్మినల్ తెరిచిన పదకొండు వారాలకే, 2023 నవంబర్ 19 రాత్రి, అదే నగరంలోని చేపల రేవులో మంటలు చెలరేగి నలభై వరకు మరపడవలు కాలిపోయాయి. పడవకూ పడవకూ సందు లేకుండా కిక్కిరిసిన రేవులో నిప్పు ఒకదాని నుంచి మరొకదానికి పాకడానికి ఎంతసేపు పట్టదు. ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. విహార నౌక వచ్చే ముందు సదుపాయం సిద్ధమైతే, చేపల పడవకు కాలిపోయాక పరిహారం వచ్చింది. రెంటి మధ్య తేడా అదీ.

ఉత్తరాన శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. పెద్ద మరపడవలు నిలబడే చేపల రేవు లేదు. బుడగట్లపాలెంలో రేవు కడతామన్న మాట రెండు ప్రభుత్వాలుగా వినబడుతూనే ఉంది. 2025 ఏప్రిల్ 26న ముఖ్యమంత్రి ఆ ఊరికే వచ్చి, చేపల వేట నిషేధకాలపు భృతిని 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచి పంపిణీ చేశారు. 61 రోజులు వల ముట్టని కుటుంబానికి అది నిజమైన ఊరట. మిగిలిన మూడువందల రోజుల సంగతేమిటి? రేవు లేని తీరంలో కుర్రవాడు గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోతాడు, అక్కడి యజమాని పడవలో కూలికి చేపలు పడతాడు. 2018 చివర అలా వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ జలాల్లోకి ప్రవేశించారన్న ఆరోపణపై పట్టుబడి కరాచీ జైల్లో ఏడాదికి పైగా గడిపారు. వారిలో ఇరవై మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి ఇంటికి వచ్చారు. ఆ కథ 2025లో 'తండేల్' సినిమా అయింది, చప్పట్లు పడ్డాయి. తీరంలో రేవు మాత్రం లేవలేదు.

మా నాన్నగారి తరం ఉక్కు కోసం ఆ తీరం విడిచింది. ఈ తరం చేప కోసమే, చేపలున్న తీరాన్ని విడుస్తోంది. ఈ రెండు వలసలకూ మూలం ఒకటే: మనుషులనూ, ఖనిజాన్నీ, చేపనూ బయటికి పంపడమే అభివృద్ధి అని మన ప్రణాళికలు నమ్మడం. అవి ఉన్నచోట విలువ పెంచుకోవడం, పక్క రాష్ట్రంతో పంచుకోవడం ఆ ప్రణాళికల ఊహలోకి రాలేదు.

చేయదగిన పనులు పెద్దవి కావు. విశాఖ నుంచి రాయపూర్, దుర్గ్ మీదుగా ఢిల్లీ వెళ్ళే సమతా ఎక్స్‌ప్రెస్ ఏళ్ళుగా నడుస్తోంది. దాని పేరుకు తగ్గట్టు ఒక శీతల పెట్టె తగిలించడానికి రైల్వే శాఖకు పెద్ద ఖర్చు కాదు. వేలమంది తినే ఉక్కు కర్మాగారాల క్యాంటీన్లు, రైల్వే వంటశాలలు, భద్రతా దళాల మెస్సులు వారానికి ఒక పూట ఇష్టపడినవారికి రొయ్య, చేప వడ్డిస్తే, ఏ విదేశీ సుంకమూ తాకని కొనుగోలుదారుడు రైతుకు దొరుకుతాడు. గుడ్ల సంఘం లాగా ధర తామే ప్రకటించే రొయ్య రైతుల సమాఖ్య కావాలి. దానికి ఎగుమతిదారులు కాకుండా రైతులే అధ్యక్షత వహించాలి. విహార నౌకల టెర్మినల్‌కు చూపిన వేగంలో సగమైనా బుడగట్లపాలెం రేవుకు చూపాలి. ఇక ఐదోది ఖర్చులేనిది: మన చేపకు మన పేరు పెట్టి అమ్మడం.

పేరు సంగతి చివర చెప్పడానికి కారణముంది. విశాఖ తీరంలో దొరికే చేపల మీద పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ దేశీయుడు రాసిన రెండు సంపుటాల గ్రంథం 1803లో లండన్‌లో అచ్చయింది. మన జాలరులు చెప్పిన తెలుగు పేర్లను అతడు అందులో యథాతథంగా రాసుకున్నాడు. ఆ దారిన ఒక తెలుగు మాట ప్రపంచ శాస్త్రంలోకి చేరింది. హిందూ మహాసముద్రపు దేశాల్లో కోట్లాది మంది తినే మాకెరెల్ చేప శాస్త్రీయ నామం ఈనాటికీ 'రాస్ట్రెల్లిగర్ కానాగుర్తా'. రెండువందల ఏళ్ళ కిందట ఒక విదేశీయుడు మన జాలరిని పేరడిగి రాసుకుంటే అది శాస్త్రమైంది. మనం అడగకపోతే అది 'ఫ్రోజెన్' అనే ముద్ర కింద అనామకంగా మిగిలింది.

వచ్చే ఎన్నికల్లో సుపేలా ఉన్న వైశాలీనగర్ నియోజకవర్గానికీ, సముద్రం ఒడ్డున ఉన్న ఎచ్చెర్ల నియోజకవర్గానికీ నాయకులు వస్తారు. ఒకచోట ఉక్కు గురించి, మరొకచోట వల గురించి మాట్లాడతారు. రెండుచోట్లా ఓటరు అడగవలసిన ప్రశ్న ఒకటే. మీరు ఏ తిథినాడు ఏం తిన్నారన్నది మీ ఇష్టం, అది మాకు అక్కర్లేదు. మేము పట్టింది మేమెందుకు అమ్ముకోలేకపోతున్నాం, మా తోటివారు పట్టింది మేమెందుకు కొనలేకపోతున్నాం? దానికి జవాబు చెప్పి ఓటు అడగండి.